వానాకాలపు ఆరు రోజులు

మా పెద్దసారు పోయారని మొన్న ఉదయం ఆయన అల్లుడు ఫోన్ చేసి చెప్పాడు. గుండెనొప్పి, ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అంతా అయిపోయిందట. సిల్తారాలో ఇనుపరాయిని బట్టీలో కాల్చే మా స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ ప్లానింగ్ విభాగానికి ఆయన పెద్ద. పదకొండేళ్ళు ఆయన కింద పనిచేశాను. అయినా ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు రాలేదు. ఆయన మీద అన్నేళ్ళూ నాకున్నది అసూయ. అది దాచిపెట్టి ఆయన గురించి మీకు రాస్తే అబద్ధమవుతుంది.

విజయనగరం నుంచి ఈ హిందీ ఊళ్ళకు వచ్చిన రైల్వే కుటుంబం వాళ్ళది. గనుల నుంచి ఇనుపరాయి ఎప్పుడు బయల్దేరాలి, ఎంత రావాలి అని లెక్కకట్టే పాత సాఫ్ట్‌వేర్‌ని ఏళ్ళ తరబడి ఆయనే నడిపారు. నల్ల తెర, పచ్చ అక్షరాలు. మీట నొక్కితే జవాబుకు ఒక పూట పట్టేది. ఆ పూటంతా గనుల దగ్గరి లోడింగ్ గుమాస్తాలకు ఫోన్లు చేసేవారు. అక్కడ వాన పడుతోందా, పాపకి జ్వరం తగ్గిందా అని అడిగి, సరుకు సంగతి చివర్న ఎత్తేవారు. "సరుకు ఆళ్ళ చేతుల్లోంచే కదా వస్తాది" అనేవారు.

కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు శిక్షణకు నన్ను పంపారు. అది నిమిషంలో లెక్క తేల్చేది. ఏది మేలో చూడ్డానికి కొన్నాళ్ళు రెండూ పక్కపక్కన నడపమన్నారు మేనేజరుగారు. నాకది ఆయనతో పందెంలా తోచింది. చలికాలం, ఎండాకాలం నేనే గెలిచాను. అయినా లారీ డ్రైవర్లు నా బల్ల దాటుకుని ఆయన దగ్గరికే వెళ్ళేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది.

పాతదాంట్లోని అంకెలు కొత్తదానిలోకి దించేటప్పుడు, వానాకాలంలో ప్రతి గని నుంచీ సరుకు చేరడానికి ఆయన ఆరు రోజులు అదనంగా రాసిపెట్టడం చూశాను. పెద్దాయన భయం అనుకుని, అడక్కుండా తీసేశాను.

ఆ జులైలో తడిసిన రాయి వ్యాగన్లకు అంటుకుపోయి దిగలేదు. ముందే తెప్పించకపోవడంతో ఫ్యాక్టరీలో రెండు రోజుల సరుకే మిగిలింది. బట్టీ చల్లారితే లోపలి ఇటుక పగులుతుంది, మళ్ళీ వెలిగించడం వారాల పని. పెద్దసారు ఒక గుమాస్తాకి ఫోన్ చేశారు. అతను షెడ్డు కింద ఉంచిన పొడిరాయిని మర్నాటికల్లా లారీల్లో పంపాడు. బట్టీ నిలబడింది.

ఆ అంకెలు ఎవరు తీశారని మీటింగులో మేనేజరు అడిగారు. నేను ముందున్న కాగితాలు తిరగేశాను. పెద్దసారు నా వైపు చూడకుండానే, "ఇద్దరం కలిసే దించాం సార్. నేనే సరిగ్గా చూసుకోలేదు" అన్నారు.

ఆ రోజు ఆయన్ని ద్వేషించినంతగా మరెప్పుడూ ద్వేషించలేదు. చెయ్యని తప్పులో వాటా తీసుకుని కూడా నాకన్నా పెద్దవాడయ్యారు.

మర్నాడు నా పక్కకు కుర్చీ లాక్కుని, కొత్తది నేర్పమన్నారు. నెల్లో నేర్చేసుకున్నారు. ఏ నెలకానెల అదనపు రోజులు రాసుకునే చోటు అందులోనూ ఉందని కనిపెట్టింది ఆయనే, శిక్షణ పొందొచ్చిన నేను కాదు. "పాతది నేను చెప్పిందే వినేది బాబూ. ఇది దానికి తెలిసింది కూడా చెప్తాది. యహీ అచ్ఛా హై, ఇదే మంచిది" అన్నారు. పాతదాన్ని ఆపేసే కాగితం మీద మొదటి సంతకం ఆయనదే.

ఆ ఫోన్ వచ్చిన మధ్యాహ్నమే మోవాలో వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "మీటల మీద ఆ బాబు చెయ్యి పరిగెడతంటే నాకు కళ్ళు కుట్టేవే అని ఎన్నిసార్లన్నారో" అంది.

ఆ అంకెలు తీసింది నేనొక్కణ్ణేనని ఆమెకు చెప్పేశాను. ఏ అంకెలో ఆమెకు అర్థం కాలేదు. మంచినీళ్ళ గ్లాసు నా చేతికిచ్చింది.

బయటికొస్తే వీధి చివర రెండు లారీలు ఆగి ఉన్నాయి, తాడు విప్పలేదు, సరుకు దించలేదు. గేటు దగ్గర ఎర్రదుమ్ము పట్టిన చెప్పులు. ఆ లారీల డ్రైవర్లు ఎండకు కాలిన సిమెంటు మీద వట్టి కాళ్ళతో, ఆయన్ని చూడ్డానికి లోపలికి వెళ్ళే వంతు కోసం నిలబడి ఉన్నారు.