తలుపులు తీసి వెళ్ళవలసిన ఇల్లు

వాన వెలిసిన మూడో రోజుకు మా ఊరికి వరద వస్తుంది. తుఫాను తీరం దాటిపోయిందని ఏలూరులో జనం తడి బట్టలు ఎండలో ఆరేసుకుంటూ ఉంటారు. మాకు పని అప్పుడే మొదలవుతుంది. ఎగువన కురిసిన వానంతా బుడమేరు, తమ్మిలేరు మీదుగా కొల్లేటికి చేరాలి. కొల్లేటి నుంచి సముద్రానికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. సముద్రం పోటు మీద ఉంటే ఆ నీటిని తీసుకోదు. అందుకని ఆకాశం నీలంగా ఉండగా, చినుకన్నది లేకుండా నీళ్ళు లేస్తాయి. నేను కాపురానికి వచ్చి నలభై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ అది చూస్తే చేతిలో పని ఆపి నిలబడిపోతాను.

ఈ మధ్య వచ్చిన వరదకు ఇల్లు సర్దే పని మొదటిసారి నా ఒక్కదాని మీద పడింది. అంతకుముందు ప్రతిసారీ నేను పిల్లలను తీసుకుని ముందు వెళ్ళిపోయేదాన్ని. మా అత్తగారు అన్నీ చూసుకుని చివరన వచ్చేవారు. ఇప్పుడు ఆవిడకు ఎనభై దాటాయి, మోకాళ్ళు పట్టేశాయి. మొదటి ట్రాక్టరులోనే అవతలి ఊరి బడికి పంపించేశాం. మా ఆయన గేదెలను తోలుకుని ఎత్తుగా ఉండే పెద్ద రోడ్డు గట్టు మీదికి వెళ్ళారు.

వరదకు ముందు ఏమేం చేయాలో రాసిన కాగితం ఒకటి ఊళ్ళో పంచారు. నేను యాభై దాటాక, సాయంత్రాలు బళ్ళో పెట్టిన తరగతిలో అక్షరాలు దిద్దినదాన్ని. ఆ కాగితం ఎవరినీ అడగకుండా కూడబలుక్కుని మొత్తం చదివాను. చదివింది చదివినట్టే చేశాను. బియ్యం బస్తాలు, పరుపులు అటక ఎక్కించాను. పొలం పాసుపుస్తకం, ఆధార్ కార్డులు ప్లాస్టిక్ కవరులో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. గ్యాసు సిలిండరు తేలిపోకుండా స్తంభానికి కట్టాను. కరెంటు మెయిను ఆపాను. చివరగా పెరటి తలుపుకు లోపల గడియ పెట్టి, వీధి తలుపుకు తాళం వేసి, రెండుసార్లు లాగి చూసుకుని ట్రాక్టరు ఎక్కాను.

బడి మేడ మీద అత్తగారు మంచినీళ్ళు తాగుతూ అడిగారు.

"తలుపులు తీసే వచ్చావు కదా?"

"తీసి రావడమేంటండీ? తాళం వేసి వచ్చాను."

ఆవిడ గ్లాసు కింద పెట్టేశారు. "పెరటిది?"

"గడియ పెట్టానండీ. కాగితంలో అలాగే ఉంది."

"కాగితం రాసినాయన కొల్లేట్లో కాపురం చేశాడా? చదువొచ్చిన కాణ్ణించీ నా మాట నీ చెవికెక్కట్లేదు. గోడలు కూల్చుకుందామనా, అమ్మాయ్?"

అప్పుడు చెప్పారు. మాది ఇటుకల మధ్య సిమెంటుకు బదులు మట్టి పెట్టి కట్టిన పాత పెంకుటిల్లు. వరద వచ్చేది ఉత్తరం నుంచి, వీధి గుమ్మం ఉన్నది కూడా అటే. తలుపులు మూసి ఉంటే నీళ్ళు ఒక పక్కన నిలబడి గోడను తోస్తాయి. ఎదురెదురు తలుపులు తెరిచి ఉంటే ఇటు వచ్చి అటు పోతాయి. ఆవిడ ప్రతి వరదకూ చివరన ఆగేది ఆ తలుపులు తీయడానికట. నలభై ఏళ్ళలో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఆ ఇల్లు కాక మాకు ఇంకో ఇల్లు లేదు.

కబురు పంపితే మా ఆయన చేపల చెరువులవాళ్ళనడిగి ఒక పడవ తెచ్చారు. "నువ్వు ఇక్కడే ఉండమ్మా" అంటే అత్తగారు వింటేనా? "నేను రాకపోతే మీరు ముందు వీధి తలుపు తీస్తారు. చెయ్యి అందియ్యరా" అని ఎక్కి కూర్చున్నారు.

పొద్దున ట్రాక్టరు వచ్చిన రోడ్డు మీదుగానే పడవ వెళ్ళింది. వరి చేలు లేవు, చెరువుల గట్లు లేవు. ఆకాశమే పైనా కిందా ఉంది. నీళ్ళు ఉరకడం లేదు, ఒడ్డును కొట్టడం లేదు. ఊరికే పెరుగుతున్నాయి. గుర్రపుడెక్క పెద్ద పెద్ద మడులుగా తెగి, వాటి మీద కొంగలు నిలబడి, మా పక్కనుంచే దక్షిణానికి సాగిపోతున్నాయి. అంత పెద్దది కదులుతూ ఇంత నిశ్శబ్దంగా ఎలా ఉంటుందో నాకు అర్థం కాలేదు. దండం పెట్టాలనిపించింది కానీ పడవ అంచు వదలడానికి చేతులు రాలేదు.

"నోరు తెరుచుకుని చూసింది చాల్లే. పడవలో నీళ్ళు తోడు" అన్నారు అత్తగారు.

మా వరసలో ఇళ్ళన్నీ ప్రహరీలతో కలిసి ఉండడంవల్ల నీళ్ళు వీధి వైపే ఆగాయి. అక్కడ నడుం లోతు. వీధి గోడకు కిటికీ కింద కొత్త బీట కనిపించింది. మా ఆయన నా దగ్గర తాళంచెవి తీసుకుని వీధి తలుపు తీయబోయారు.

"ముందు పెరటిది! పోయే దారి లేకుండా వచ్చే దారి తీస్తే వెనక గోడను గుద్దేస్తాయి."

వరస చివరి సందులోంచి పెరట్లోకి తిరిగాం. అక్కడ మోకాలి లోతే. వంటింటి కిటికీలోంచి చెయ్యి దూరిస్తే గడియ అందుతుంది. మా ఆయన చెయ్యి చువ్వల మధ్య పట్టలేదు. నేను దిగాను. చెంప గోడకు ఆనించి చెయ్యి దూర్చాను. గోడ సన్నగా అదురుతోంది, చలిజ్వరం వచ్చిన మనిషి ఒళ్ళులా. చెమ్మకు బిగుసుకున్న గడియ మూడు లాగుళ్ళకు వచ్చింది. పెరటి తలుపు బార్లా తీశాను.

నన్ను అక్కడే ఉంచి వాళ్ళిద్దరూ పడవలో వీధి వైపు వెళ్ళారు. కాసేపటికి తాళం తీసిన చప్పుడు, వెంటనే తలుపు దబ్బున గోడకు కొట్టుకున్న చప్పుడు వినిపించాయి.

కొల్లేరు మా ఇంట్లోకి వచ్చింది. వసారా దాటి, నడవ దాటి, వంటింట్లోంచి నా పక్కగా బయటికి నడిచింది. వీధి గుమ్మంలోంచి పడిన ఎండ ఆ నీటి మీద విరిగి, పైన వాసాలంతటా వెలుగై ఆడుతోంది. నేను రోజూ తుడిచే నేల మీదుగా చేపపిల్లలు గుంపుగా వచ్చి, గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, నా కాళ్ళను రాసుకుంటూ వెళ్ళిపోయాయి. ఎంతసేపు అలా చూశానో తెలియదు. మళ్ళీ గోడకు చెంప ఆనించాను.

ఇంటి ఆ చివర నుంచి అత్తగారి కేక నీళ్ళ మీదుగా వచ్చింది. "అమ్మాయ్, గోడ అదురు ఆగిందా?"

"ఆగిందండీ!"

"అయితే గుమ్మంలోంచి పక్కకి జరుగు. పోనీ దాన్ని!"