దేవుడి గరికకు అంటిన మందు

నా చిన్నప్పుడు మా చెల్లెలికి కాలంతో పని లేకుండా ముక్కులోంచి రక్తం కారేది. నాందేడ్‌లో మాది కిరాణా దుకాణం. ఇంట్లో వైద్యమంతా మా నాన్నవాళ్ల అమ్మది, మేము బాపమ్మ అనేవాళ్లం. ఆమె గరిక నూరి పసరు తీసి చెల్లెలితో తాగించేది. దానికి రక్తం ఆగేదో, ఆ వగరుకు జడిసి ముక్కే బుద్ధి తెచ్చుకునేదో నాకు తెలియదు.

ఒక ఏడు గణపతి పండుగకు పక్కింటి అక్క నన్ను వెంటబెట్టుకుని వెనక వీధిలోని బంగళాకు వెళ్లింది. వాళ్లు ఇంటి ముందు లాన్ పెంచేవాళ్లు. దాని అంచుల్లో గరిక లేతగా, పొడుగ్గా ఉంది. ఇంటివాళ్లు కోసుకోమన్నారు. అప్పుడే వాన కురిసి వెలిసింది. అంత శుభ్రమైన గడ్డిని నేను అంతవరకు చూడలేదు. ఒడి నిండా తెచ్చుకున్నాం.

పూజ అయ్యాక బాపమ్మ గణపతి పాదాల దగ్గరి గరికలోంచి కొంత తీసి రోట్లో వేసింది. అమ్మ కడిగి ఇవ్వబోతే ఒప్పుకోలేదు. దేవుడి దగ్గర పెట్టింది ప్రసాదమని, దాన్ని మళ్లీ కడగకూడదని ఆమె పట్టు. చెల్లెలు కళ్లు మూసుకుని పసరు తాగేసింది.

సాయంత్రం మండపం దగ్గర ఆ బంగళాలో తోటపని చేసే మాలీ భార్య అక్కకు కనిపించింది. లాన్‌కు వేరుపురుగు పట్టిందని, పండుగ ముందే మందు కొట్టారని మాటల్లో చెప్పిందట. అక్క చెప్పులు కూడా వేసుకోకుండా మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

"బాపమ్మా, ఆ గడ్డికి పురుగుల మందు కొట్టిండ్రంట! చిన్నదానికి పసరు పోసినవా?"

"వాన వడ్డది గద బిడ్డా, కడుక్కపోదా?" అంది బాపమ్మ. అరచేతిని ముక్కు దగ్గర పెట్టుకుని, వాసన కూడా లేదే అని మళ్లీ మళ్లీ చూసుకుంది.

నాన్న చెల్లెల్ని ఎత్తుకుని దవాఖానకు పరుగు తీశాడు, వెనకే మేమంతా. అక్క మాత్రం నేరుగా బంగళాకు వెళ్లి, చెత్తలో పడేసిన మందు డబ్బా వెతికించి తెచ్చింది. డాక్టరు దానిమీది రాతలు చదివి, మరాఠీలో నిదానంగా చెప్పాడు. కొన్ని మందులు ఎండకే పోతాయట, కొన్ని గడ్డి వేళ్లలోనూ మట్టిలోనూ చాలాకాలం ఉంటాయట. వాన మందునంతా కడిగేయదు, గడ్డిని చూసి ఎంత మిగిలిందో ఎవరూ చెప్పలేరు. పిల్లను ఇక్కడే ఉంచండి, చూద్దాం అన్నాడు.

ఆ 'చూద్దాం' అన్న మాటతోనే నా ప్రాణం సగం పోయింది. చెల్లెలు ఆవులిస్తే భయం, కడుపు పట్టుకుంటే భయం. అది మాత్రం మోదకాలు కావాలని గొడవ చేస్తోంది. బాపమ్మ దాన్ని ముట్టుకోవడానికి కూడా జంకి, గోడ వైపు కూర్చుంది. అక్క వెళ్లి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"నీ చేతిల ఏం దోషం లేదు బాపమ్మా. మనం అడగలే, వాళ్లు చెప్పలే. గంతే."

చెల్లెలికి ఏమీ కాలేదు. మందు విరిగిపోయి బతికిందో, అదృష్టం బాగుండి బతికిందో డాక్టరుకూ తెలియదు. అక్క మళ్లీ ఆ బంగళాకు వెళ్లి, ఇకమీద మందు కొట్టినప్పుడు గేటుకు ఎర్రగుడ్డ కట్టాలని ఒప్పించి వచ్చింది.

ఇప్పుడు మా కాలనీ పార్కులో జనం పొద్దున్నే చెప్పులు విప్పి లాన్ మీద నడుస్తారు. నేను మాత్రం ముందు మాలీ దగ్గరికి వెళ్లి ఏం మందు కొట్టావు, ఎప్పుడు కొట్టావు అని అడుగుతాను. అతను నవ్వుతాడు. మనవరాలు సిగ్గుపడి కొంగు లాగుతుంది. అయినా జవాబు వచ్చేదాకా కదలను. ఎందుకంటే ఆ పండుగ తర్వాత చెల్లెలి ముక్కులోంచి ఎన్నిసార్లు రక్తం కారినా, బాపమ్మ దాని దగ్గరికి వచ్చేది కాదు. చేతులు కొంగులో దాచుకుని, "కోడలా, నువ్వు చూడు" అనేది.