సెలవు కారణం

ఆఫీసులో అందరూ ఆమెను తాళాలక్క అనేవారు. పలు దేశాల్లో శాఖలున్న ఆ కంపెనీలో ఉద్యోగుల సొంత వివరాలు ఎవరు చూడొచ్చో, ఎవరు చూడకూడదో తేల్చడం ఆమె పని. ఎవరేం అడిగినా ముందు "ఎందుకు?" అంటుందని, మొగుడు ఉప్పు అందించమన్నా కారణం అడుగుతుందని వెనకాల నవ్వుకునేవారు. ఆ మాట చెవిన పడితే ఆమె, "అడగనా మరి, ఆయనకి బీపీ" అనేసి, ఇంటిగుట్టు తానే బయటపెట్టినందుకు నాలుక కరుచుకునేది.

ఒక మధ్యాహ్నం లెక్కల విభాగంలో పనిచేసే అమ్మాయి వచ్చి ఆమె బల్ల పక్కన నిలబడింది. కూర్చోమంటే కూర్చుంది. మెల్లగా సంగతి బయటపెట్టింది. మూడో నెలలో కడుపు పోతే సెలవు పెట్టింది. తిరిగొచ్చేసరికి, ఎన్నడూ ముఖం చూడని పరాయి దేశపు శాఖల నుంచి కూడా ఓదార్పులు వచ్చి ఉన్నాయి. ఆ పిల్ల ఇంకా అత్తగారికే చెప్పుకోలేదు.

"వాళ్ళు మంచిగానే రాశారక్కా. కానీ నేను చెప్పకుండానే అందరికీ తెలిసిపోయింది. ఇక నేను చెప్పుకోడానికేం మిగిలింది?"

తాళాలక్క వెంటనే పనిలోకి దిగింది. వెతికితే తప్పు దొరికింది. కంప్యూటర్లో కొత్తగా పెట్టిన సెలవుల పద్ధతిలో ఎవరి సెలవైనా కారణంతో సహా అన్ని శాఖల మేనేజర్లకూ కనిపిస్తోంది. దాన్ని మూయించమంటే ప్రధాన కార్యాలయంలోని పెద్దాయన ఒప్పుకోలేదు. కారణం తెలియకపోతే పనులెలా సర్దుకుంటామన్నాడు.

"ఎన్నాళ్ళు రాదో తెలిస్తే పని సర్దొచ్చండి. ఎందుకు రాలేదో తెలిస్తే ఏం సర్దుతారు?" అందామె నెమ్మదిగా.

ఆయన చట్టం ఏమంటుందని అడిగాడు. ఒంటి సంగతులు పనికి అవసరమైనవాళ్ళకి తప్ప చూపకూడదంటుందని ఆమె చెప్పింది. ఆ వారంలోనే కారణాలు మూతపడ్డాయి. చూసినవాళ్ళందరికీ ఫోన్ చేసి, ఆ సంగతి ఇక ఎత్తవద్దని ఆమే బతిమాలింది. అయినా, తెలిసిన మాటను తెలియనట్టు చెయ్యడం ఎవరి తరం? ఆ మాటే ఆ అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పి, క్షమించమంది.

కొన్నాళ్ళకు టీ తాగే గదిలో ఆ అమ్మాయి తనంతట తానే వచ్చి పక్కన కూర్చుంది. అత్తగారికి చెప్పిందట. ఆవిడ కోడలి తల ఒళ్ళో పెట్టుకుందట. ఆ తరవాత గొంతు తగ్గించి, బిడ్డకు పెడదామనుకున్న పేరు చెప్పింది.

"మా ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదక్కా."

తాళాలక్క కళ్ళు తుడుచుకుంది.

"బాగుంది తల్లీ. ఇంకోసారి చెప్పు."

ఆ పిల్ల మళ్ళీ చెప్పింది.