పన్నెండు చాక్లెట్లకు ఉప్పు ప్యాకెట్

మా తొమ్మిదేళ్ల బిడ్డకు నెల కింద మట్టి గల్లగురిగి కొనిచ్చి, కిరాణా కొట్టులో మిగిలిన చిల్లరంతా అందులో వేసుకోమన్నాను. నిన్న ఊపి చూస్తే చప్పుడే లేదు. చిన్నప్పుడు మా నాయన చిల్లర ఎట్లా మింగేవాడినో నాకు తెలుసు కదా. దీనికీ నా బుద్ధే వచ్చిందనుకున్నాను.

ఈ రోజు సాయంత్రం పన్నెండు రూపాయి బిళ్లలిచ్చి ఉప్పుకు పంపి, దొంగలా వెనకాలే వెళ్లాను. శంషాబాద్ బస్టాండు వెనక దుకాణంలో, పిల్ల కౌంటర్ మీద గుప్పెడు చాక్లెట్లు పోసింది.

"పన్నెండున్నయ్ అంకుల్. ఉప్పు ప్యాకెట్ ఇయ్యి."

"చాక్లెట్లకు ఉప్పెవరిస్తరు బిడ్డా?"

పైన విమానం దిగుతోంది. ఆ మోత పోయేదాకా ఆగి మరీ అడిగింది. "చిల్లర లేదని రూపాయికొకటి నువ్వే ఇస్తివి గదా. నువ్విస్తే పైసలు, నేనిస్తే చాక్లెట్లా?"

దుకాణదారు చాక్లెట్లు లెక్కపెట్టుకొని ఉప్పు ఇచ్చాడు. నేనిచ్చిన పన్నెండు బిళ్లలూ ఇంటికొచ్చి గురిగిలో వేసింది. ఆ చప్పుడు విన్నాకే నాకు ఊపిరాడింది.

బుద్ధి వాళ్లమ్మది, నోరు మాత్రం నాదే. మీ ఇళ్లలో ఇట్లాంటి చాక్లెట్లు ఎన్నున్నాయో చెప్పండి, మా బిడ్డను పంపిస్తాను.