ఉగ్గుగిన్నె కొలత

పోయిన ఆదివారం రాజమండ్రిలో మా అమ్మాయి నన్ను బలవంతాన సినిమాకి తీసుకెళ్ళింది. తాగుడుకి బానిసైన కొడుకుని దారిలో పెట్టుకోవడానికి ఒక తల్లి పడే పాట్లే కథంతా. మధ్యలో ఆ తల్లి ఇంట్లో ఉన్న సీసాలన్నీ సింకులో ఒంపేసి, కొడుకుని గదిలోకి నెట్టి గొళ్ళెం పెట్టేసరికి హాలంతా చప్పట్లు. నా పక్కసీటావిడైతే కళ్ళొత్తుకుంటూ మరీ కొట్టింది. నేను మాత్రం అయ్యో, అలా చెయ్యకూడదమ్మా అని పైకే అనేశాను. మా అమ్మాయి నా మోచెయ్యి గిల్లి, ఇది సినిమాయేనమ్మా అని గుర్తు చేసింది.

దానికేం తెలుసు, అప్పట్లో అది హాస్టల్లో చదువుకునేది. ముమ్మిడివరం దగ్గర మా అత్తవారిది పెద్ద వ్యవసాయం. మా తోడికోడలిని నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు, మా పెద్దబాబు, పాతికేళ్ళయినా నిండకుండానే తాగుడు మరిగాడు. రాష్ట్రంలో మద్యం నిషేధించిన రోజులవి, మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది. నిషేధమైతే మాత్రమేం, ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి గోదావరి దాటితే యానాం, అది పాండిచ్చేరి కిందది కాబట్టి అక్కడ అడిగే నాథుడే లేడు. మా బావగారు అరుగు మీద పేపరు అడ్డం పెట్టుకుని, కొడుకు రావడమూ పోవడమూ చూడనట్టే కూర్చునేవారు. ఇంటి పరువంతా ఆ కాగితమే కాస్తోందని ఆయన నమ్మకం కాబోలు.

అక్క కూడా ఒకనాడు ఆ సినిమా తల్లిలాగే సీసాలన్నీ పెరట్లో ఒంపేసి, కొడుకుని గదిలో పెట్టి తాళం వేసింది. మేమంతా ఆవిడ ధైర్యాన్ని మెచ్చుకున్నాం. మర్నాటికి వాడికి చేతులు వణుకు, ఒళ్ళంతా చెమటలు, ఒంటి మీద లేని పురుగుల్ని దులుపుకోవడం. ఆ మరుసటి రోజు మేము భోజనాలకి కూర్చున్న వేళ గదిలో ధబ్బుమని చప్పుడైతే పరుగెత్తి తలుపు తీశాం. నోట నురగతో కొట్టుకుంటున్నాడు.

కాకినాడ డాక్టరుగారు వాడిని బతికించి అక్కని చెడామడా తిట్టారు. అంత అలవాటైన ఒంటికి ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణమే పోతుందట, ఆసుపత్రిలో ఉంచి మందులిస్తూ మాన్పించాలట. కాస్త తేరుకోగానే వాడేమో అక్కడినుంచి పారిపోయి వచ్చి మళ్ళీ మొదలుపెట్టాడు. అక్క వెళ్ళి కాళ్ళావేళ్ళా పడితే, సోమవారం చేర్చుకుంటానని, అంతవరకూ ఒక్కసారిగా ఆపకుండా కొద్దికొద్దిగా తగ్గిస్తూ కళ్ళెదుటే ఉంచుకోమని చెప్పారు. తాగినా భయమే, మానినా భయమే, సోమవారం దాకా వాడు బతికుంటే చాలని మా దిగులు.

ఊళ్ళో కిరాణా కొట్టుకైనా వెళ్ళి ఎరగని అక్క, నన్ను తోడు తీసుకుని యానాంలో సీసా కొంది. సంచి అడుగున సీసా, దాని మీద పసిపిల్లల జుబ్బాలు, అన్నిటికీ పైన పెద్దబాబుకి చిన్నప్పుడు పాలు పట్టిన వెండి ఉగ్గుగిన్నె. తిరుగు పంటు ఎదుర్లంకలో ఆగేసరికి రేవులో పోలీసులు ఒక్కొక్కరి సంచీ తడుముతున్నారు.

“సంచిలో ఏంటండీ?” అన్నాడు కానిస్టేబులు.

“బాలింత ఇంటికెళ్తున్నామండి, పసివాడి సామాను,” అంటూ అక్క ఉగ్గుగిన్నె పైకి తీసి చూపించింది. ఆవిడ అబద్ధమాడగా నేను వినడం అదే మొదలు. అతను పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

మర్నాడు ఆ గిన్నెతోనే కొలిచి కొడుక్కి ఇచ్చింది.

“ఇదేంటమ్మా, నాదేనా?” అన్నాడు నవ్వుతూ.

“నీదేరా. తాగు,” అంది. వాడి మొహంలో నవ్వు మాయమైంది. తల్లే కొడుక్కి తాగబోస్తోందని మాత్రం ఊరంతా గుప్పుమంది.

సోమవారం వచ్చింది. కాకినాడ బస్సు ఎక్కాలంటే మళ్ళీ యానాంలోనే దిగాలి, రేవు నుంచి బస్టాండు దాకా నడిచే దారిలో ఎటు చూసినా ఆ కొట్లే. అనుకున్నంతా అయింది, ఒక కొట్టు ముందు పెద్దబాబు ఆగిపోయాడు. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు. అక్క బతిమాలలేదు, ఏడవలేదు. నడిరోడ్డు మీద సంచి దింపి, ఉగ్గుగిన్నె తీసి, ఆ పూట కొలత పోసి వాడి నోటి దగ్గర పెట్టింది. జనం ఆగి చూస్తున్నారు, వాళ్ళలో మా ఊరివాళ్ళూ ఉన్నారు. పెద్దబాబు తల వంచుకుని తాగాడు. తర్వాత తల్లి చేతిలో సంచి తనే అందుకుని బస్సు వైపు నడిచాడు.

ఆ తర్వాత కూడా ఒకసారి జారాడు, అక్క మళ్ళీ తీసుకెళ్ళింది. అటుపైన ముట్టలేదు. అక్క ఆఖరి రోజుల్లో గుటక పడక మంచాన ఉంటే, జుట్టు నెరిసిన ఆ కొడుకే తల్లి తల ఒళ్ళో పెట్టుకుని, అదే గిన్నెతో కొబ్బరినీళ్ళు పట్టేవాడు.

ఇప్పుడా రేవులో పంటు లేదు, వంతెన మీద నిమిషాల్లో దాటేస్తున్నాం. తాగుడు జబ్బని చెప్పే డాక్టర్లూ దగ్గర్లోనే ఉన్నారు. ఆ రోజుల్లో, ఒక్కసారిగా ఆపకూడదన్న ఆ ఒక్క మాట ముందే చెప్పేవాళ్ళుంటే అక్క ఆ తాళం వేసేదే కాదు. కాలం మారిందనే అనుకుంటూ వచ్చాను, ఆ చప్పట్లు వినేదాకా. సినిమా వదిలాక పక్కసీటావిడ ఎవరి వైపూ చూడకుండా, మొహం బిగించుకుని గబగబా మెట్లు దిగింది. ఆగమ్మా, ఒక్క మాట, అని నేను నోరు తెరిచేలోపే ఆటో ఎక్కేసింది. ఇంటికెళ్ళి ఆవిడ ఏ తలుపుకి గొళ్ళెం పెట్టిందో అని నాకు గుండెల్లో గుబులుగానే ఉంది.