గ్లౌజుల్లో మిరపకాయ బజ్జీలు

పెళ్లిచూపుల్లో అమ్మాయి తల వంచుకోవడం మీరు చూసే ఉంటారు. పెళ్లికొడుకు వలవలా ఏడవడం చూశారా? మాన్విలో ఒక ఇంటివాళ్లు చూశారు. ఆ ఏడ్చిన మహానుభావుణ్ని నేనే.

రాయచూరులో చలేమిటని నవ్వకండి. ఏడాదంతా ఎండలో వేగే ఒళ్లు మావి. పుష్యమాసపు గాలి కాస్త సోకితే చాలు, హిమాలయాల్లో చిక్కుకున్నట్టు వణుకుతాం. ఆ పొద్దున స్కూటరు నాది, వెనక సీటు మా మేనమామది. ఫోటో చూసినప్పటి నుంచి ఈ పిల్లనే చేసుకుంటానని ఇంట్లో పంతం పట్టింది కూడా నేనే. ఊరు దాటేసరికి ఉన్ని గ్లౌజుల్లో వేళ్లు కొయ్యబారాయి.

దారిలో ఉగ్గాని బండి దగ్గర ఆగాం. నానబెట్టిన బొరుగుల తిరగమోత, పక్కన మిరపకాయ బజ్జీ. పొగలు కక్కే బజ్జీ పట్టుకోగానే వేళ్లకు ప్రాణం లేచొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారట. నేను చేతులు గడ్డకట్టాక బజ్జీలు పట్టుకున్నాను. గ్లౌజుకొకటి లోపలికి తోసి స్కూటరెక్కాను.

"తినకుండ గిట్ల దాస్తున్నవేందిరా?" అన్నాడు మామ.

"ఉండు మామా, మస్తు వెచ్చగుంది!"

వెచ్చగానే ఉంది, కాదనను. కానీ గుంత వచ్చినప్పుడల్లా బ్రేకు పట్టాలి కదా! పట్టినప్పుడల్లా బజ్జీ నలిగింది, లోపలి మిరపకాయ చిట్లింది. మాన్విలో దిగి, గ్లౌజులు తీసి జేబులో కుక్కి, చలిగాలికి నీళ్లు కారుతున్న కళ్లను రెండు చేతులతో శుభ్రంగా తుడుచుకున్నాను.

లోపల కూర్చునేసరికి కళ్లలో లంకాదహనం. అమ్మాయి టీ తెచ్చింది. నేను ధారలు కారుస్తున్నాను.

"ఏందన్నా, పిల్లగాన్ని జబర్దస్తీ పట్కొచ్చిండ్రా?" అన్నాడు వాళ్ల నాన్న.

"లేదన్నా, సలికి గట్ల..." మామ నసిగాడు.

"సలికి ఇంతగనం ఏడుస్తరా? ఇష్టం లేనోనికి మా పిల్లనియ్యం. టీ తాగి పోండ్రి."

సిగ్గు గట్టున పెట్టి, జేబులోని గ్లౌజులు తీసి టీపాయ్ మీద దులిపాను. చితికిన బజ్జీలు టీ పళ్లెం పక్కనే పడ్డాయి.

"ఇష్టమే సార్! నిజంగ ఇష్టమే! ఈ మంట బజ్జీలది!"

ముందు నవ్వింది అమ్మాయే. లోపలికి పరుగెత్తి గిన్నెడు పెరుగు తెచ్చింది.

"కండ్లు మల్ల రుద్దకుండ్రి. ముందు చేతులకు ఇది పూసుకోండ్రి" అంటూ అరచేతుల్లో పోసింది. ఆ పెరుగుకు నేను జన్మంతా రుణపడి ఉన్నాను.

పెళ్లయ్యాక అడిగాను, అంత తమాషా చూసి కూడా ఎలా ఒప్పుకున్నావని.

"పెండ్లికి ముందే గింత ఏడ్సినోడు, పెండ్లయినంక నన్ను ఏడిపియ్యడనుకున్న" అంది.

అందుచేత పాఠక మహాశయులారా, మిరపకాయ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: బజ్జీ ఇక నా నోట్లోకే గానీ గ్లౌజులోకి పోదు. చలికాలంలో స్కూటరు ఇప్పుడు ఆమే నడుపుతుంది. నేను వెనక కూర్చుని, నా రెండు చేతులూ ఆమె స్వెటరు జేబుల్లో పెట్టుకుంటాను.