గడప లోపల ఇంజన్

మా దిక్కు కిరసనాయిలును గ్యాసునూనె అంటారు. రేషన్ దుకాణాల్లో అది ఇవ్వడం మానేశాక ఆ వాసననే మరిచిపోయాననుకున్నాను. మొన్న కథలాపూర్ దగ్గరి మా ఊరికి పోతే, ఇంటి వెనక గోడపొంటి ఏండ్ల తరబడి పడి ఉన్న ఇంజన్‌ను నాయిన పాత ఇనుముకు వేస్తున్నాడు. తుప్పు పట్టిన బోల్టులు కదలడానికి ఎక్కడో దాచిన అర సీసా గ్యాసునూనె తెచ్చి పోశాడు. ఆ వాసన ముక్కుకు తగలగానే నేను మళ్లీ పదకొండేండ్ల పిల్లనైపోయాను.

నాయిన మొదట్లో తాళ్లు గీసి కల్లు దింపేవాడు. మోకాళ్లు పట్టేసి చెట్టు ఎక్కడం మానుకున్నాక ఒక పాత పికప్ బండి కొని మక్కలూ వడ్లూ తోలడం మొదలుపెట్టాడు గానీ, ఆ బండికి దమ్ము లేదు. నాలుగు బస్తాలు ఎక్కువైతే ఎత్తు మీద అందరూ దిగి నూకాల్సిందే. నీ బండి కంటే మా ఎడ్లు నయమని ఊళ్లో నవ్వేవాళ్లు. ఆ నవ్వులు పడలేక, తక్కువ ఖర్చులో ఎక్కువ గుంజే ఇంజన్ తానే కట్టుకుంటానని పంతం పట్టాడు. అంతకుముందు ఒక్క ఇంజన్ కూడా కట్టినవాడు కాదు, షెడ్లలో నిలబడి చూసినవాడు, అంతే. సిరిసిల్లలో పాత సామాన్ల దుకాణం నుంచి ఒక పెద్ద జీపు ఇంజన్ దిమ్మ తెచ్చాడు. దాని మీద పెట్టే హెడ్డు కోరుట్ల షెడ్డులో దొరికింది. గాలిని ఒత్తి ఇంజన్‌లోకి నూకే టర్బో ఎవరో విప్పేసిన బండిది.

అదే ఏడు నాకు సిరిసిల్ల దిక్కు హాస్టల్ బడిలో ఆరో తరగతి సీటు వచ్చింది. బడి తెరిచిన నాలుగు రోజుల్లో చేరకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

"బస్సుల ఎందుకు పోతవ్ బిడ్డ? కొత్త ఇంజన్ బండ్ల ముందుగాల కూసునేది నువ్వే," అన్నాడు నాయిన.

దిమ్మను సాపు చేయించడానికి జగిత్యాల లేతు దుకాణానికి పోతే నన్నూ తీసుకుపోయాడు. ఆయన గ్యాస్కెట్ అట్టల కోసం రోడ్డు దాటినప్పుడు లేతు నడిపే తాత కండ్లద్దాలు పైకి నెట్టి నాతో అన్నాడు: "మీ నాయినకు చెప్పు బిడ్డ. కొత్త పిస్టన్లు, కొత్త రింగులు. వెయ్యి కిలోమీటర్లు మెల్లగ నడపాలె. బరువు ఎయ్యద్దు, గుట్ట, గట్టు ఎక్కద్దు." నేను తలూపాను. వెయ్యి కిలోమీటర్లంటే ఎన్ని రోజులో వేళ్ల మీద లెక్క పెట్టుకుంటే, మెల్లగా పోతే నెల దాటుతుందని తేలింది. అప్పటిదాకా బండి సిరిసిల్ల దాకా రాదనీ, నా సీటు పోతుందనీ అనుకున్నాను. నా నోట్లో నువ్వుగింజ నానదని నాయనమ్మ ఊరంతా చెప్పేది. ఆ ఒక్క మాట మాత్రం నానింది.

ఇక మే నెలంతా మా ఇంట్లో చీకటే. విప్పిన ఇంజన్‌లో దుమ్ము పడితే పాడైపోతుందని నాయిన దాన్ని ముందర అర్రలో రెండు దుంగల మీద ఎక్కించి, తలుపులు మూసి, కిటికీకి తడి గోనెసంచి కట్టాడు. ఆ దిమ్మ తలుపుకు అడ్డంగా కూచుంది. బయటికి పోవాలంటే కడుపు లోపలికి పీల్చుకుని గోడను రాసుకుంటూ పోవాలి. తంబాకు ఎగిరిపోతుందని అమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ ఫ్యాను వేయనిచ్చేది కాదు. తంబాకు ఘాటు, సామాన్లు కడిగే గ్యాసునూనె, నాయనమ్మ చుట్ట పొగ, మధ్యాహ్నం చల్ల పోసుకుని తినే మక్క గటుక, అన్నీ కలిసి ఒక్కటే వాసనయ్యేవి. అమ్మ బీడీ ఆకు కత్తెరతోనే నాయిన గ్యాస్కెట్ అట్టలు కత్తిరించేవాడు. పిస్టన్‌ను గోరుతో కొట్టి, కల్లు కుండ సంగతి తెలుసుకున్నట్టు చెవి ఒగ్గి వినేవాడు. బయట నా దోస్తులు మామిడికాయలకు ఉప్పూకారం అద్దుకు తింటున్న చప్పుడు వినిపిస్తుంటే, నేను లోపల పాత నట్లతో కచ్చకాయలు ఆడుకునేదాన్ని. ఇంట్లో నేను, నా నోట్లో ఆ మాట, ఇద్దరికీ బయటికి దారి లేదు. నాయిన నవ్వుతూ నా దిక్కు చూసినప్పుడల్లా భయమేసేది.

బడి తెరిచే ముందురోజు నలుగురు పట్టి ఇంజన్‌ను బండికి ఎక్కించారు, అది పలికింది. తెల్లారే పెట్టె సర్దుకున్నాను. నాయనమ్మ గడపలో అడ్డం కూచుంది. "అంజన్నకు సూపియ్యకుంట బండి పనికి పోతదార? ముందుగాల కొండగట్టు గుడికి ఎక్కాలె," అంది. మాట చెవిన పడగానే వాడకట్టంతా ఎక్కింది, ఇరవై మంది, వంట గిన్నెలు, కట్టెల మోపులతో సహా. నేను ముందర నాయిన పక్కన కూచున్నాను. మల్యాల దాకా బండి ఈల వేసుకుంటూ ఉరికింది. నాయిన ముఖం అంత వెలిగిపోవడం నేను మళ్లీ చూడలేదు. ఘాటు రోడ్డు మొదట్లోనే చెప్పాలని నోరు తెరిచాను, వెనక నుంచి పాటలు, మళ్లీ మూసుకున్నాను. రెండో మలుపులో ఏదో కీచుమంది, ఇంజన్ ఆగిపోయింది. పిస్టన్లు వేడెక్కి పట్టేశాయి. ఆగిన బండికే నాయనమ్మ కొబ్బరికాయ కొట్టింది, ఆ తర్వాత ట్రాక్టరు కట్టి గుంజుకొచ్చారు.

"బస్సుల తోల్కపోత," అంది అమ్మ. "రెండు రోజులాగు, బండ్లనే పంపుత," అన్నాడు నాయిన. ఇంజన్‌ను మళ్లీ అర్రలోకి దించి తలుపులు మూశాడు. రెండు రోజులు నాలుగయ్యాయి, నాలుగు వారమైంది. సీటు పోయింది. నేను ఊరి బడికి పోతూ, వచ్చాక అమ్మ పక్కన ఆకు కత్తిరించాను. ఎవరి మీదా కోపం రాలేదు, నా మీద తప్ప.

మొన్న ఆ తుప్పు బోల్టులు ఊడదీస్తుంటే నాయినకు చెప్పేశాను, లేతు తాత మాట, నా లెక్క, నా నోరు. ఇప్పుడు కోరుట్లలో చిన్న బడిలో పిల్లలకు లెక్కలు నేర్పే మనిషిని, గొంతు మాత్రం ఆ పదకొండేండ్ల పిల్లదే. నాయిన పానా కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు.

"గట్టు ఎక్కద్దన్నడు గని, సిరిసిల్ల పోవద్దనలేదు గద బిడ్డ," అన్నాడు మెల్లగా. "ఒక్క పిల్ల, ఒక్క పెట్టె. కొత్త ఇంజన్‌కు గంతకంటె మంచి సవారి ఏముంటది? అప్పుడే చెప్తే గట్టు ఇడిచి తెల్లారే తోల్కపోదును."

ఇనుము బండి వచ్చి ఇంజన్‌ను ఎత్తుకుపోయింది. నాయనమ్మ లేదు, అమ్మ బీడీ చాట లేదు, ఆ లేతు దుకాణం ఉన్న చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. మా ఇంటి తలుపులు పొద్దంతా బార్లా తెరిచే ఉంటున్నాయి. కోరుట్ల బస్సు వచ్చే వేళయినా నేను గడప మీంచి లేవలేకపోయాను.